షమూని నోరు

మా అమిదా ఊళ్ళో పొద్దెంత ఎక్కిందో తెలుసుకోవడానికి ఎవరూ ఆకాశం వైపు చూసేవారు కాదు. షమూని అరిచిందా లేదా అని అడిగేవారు. స్నానశాలలో నీళ్ళు కాగగానే ఆవిడ మిద్దె ఎక్కి, నడుం మీద రెండు చేతులూ ఆన్చి, "నీళ్ళు కాగాయర్రోయ్! రండి, మీ మురికిని మీ పెళ్ళాలు భరిస్తారేమో గానీ నేను భరించను!" అని కేక పెట్టేది. ఆ కేక నల్లరాతి గోడలు దాటి, దెక్లత్ నది ఒడ్డున పుచ్చపాదుల్లో కలుపు తీసేవాళ్ళ దాకా వెళ్ళేది. వాళ్ళు పారలు పక్కన పడేసి రొట్టెల మూటలు విప్పేవారు.

మిగతా రోజంతా ఆవిడ ఆడవాళ్ళ గుమ్మం దగ్గర పీట వేసుకుని, స్నానానికి వచ్చినవాళ్ళ బట్టలకు కాపలా కాసేది. ఊళ్ళో ఎవరి పట్టు పైబట్ట కింద ఎన్ని అతుకుల లోబట్ట ఉందో ఆవిడకు తెలుసు. అందుకే నగరపెద్దల భార్యలు కూడా ఆవిడను చూస్తే నవ్వి, నాలుగు మంచి మాటలు చెప్పి మరీ లోపలికి వెళ్ళేవారు. ఆ నవ్వులో ప్రేమ పాలెంతో, భయం పాలెంతో తేల్చడం కష్టం.

ఇంతటి నోటి కింద బతికినవాడు బర్షబ్బా. షమూని ఒక్కగానొక్క కూతురు తర్బోను చేసుకుని ఇల్లరికం వచ్చాడు. మామ పోయాక స్నానశాల పని అతని చేతికి వచ్చింది, పెత్తనం మాత్రం రాలేదు. పొయ్యిలో కట్టెలు ఎక్కువ పెడితే "మీ తాత అడవేమన్నా రాసిచ్చాడా?" అనేది. తక్కువ పెడితే "చలికి నన్ను చంపి ఈ నాలుగు గోడలూ కొట్టేద్దామనా?" అనేది. సరిగ్గా పెట్టిన రోజున ఏమనేదో అతనికి తెలియదు, అలాంటి రోజు ఆవిడ లెక్కలో రాలేదు. ప్రతి ఆదివారం చర్చిలో దీపం ముందు నిలబడి అతను ఒక్కటే కోరుకునేవాడు: "ప్రభువా, మా అత్తకు నిండు నూరేళ్ళూ ఇవ్వు. గొంతు మాత్రం కాస్త తగ్గించు."

ప్రభువు వినలేదు. ఈలోగా పారసీకులు వచ్చారు.

సరిహద్దు ఊళ్ళో పుట్టినవాళ్ళకు ముట్టడి కొత్త కాదు. రోమా చక్రవర్తికీ పారసీక షాహ్‌కూ ఎప్పుడు మాట తేడా వచ్చినా మధ్యలో పగిలేవి మా గోడలే. దానికో పద్ధతి కూడా ఉండేది. పగలంతా వాళ్ళు రాళ్ళు రువ్వుతారు, మేము మరిగే నూనె పోస్తాం. ఇరుపక్కలా చేతులు నొప్పి పుట్టాక తిట్లు మొదలవుతాయి. ఊళ్ళోకెల్లా పెద్ద నోటిని ఏరికోరి గోడ ఎక్కించడం మాకు పరువుకు సంబంధించిన విషయం. ఈసారి ఎవరిని ఎక్కించాలన్న చర్చే రాలేదు. నగరపెద్దలు స్వయంగా స్నానశాలకు వచ్చి షమూనిని బురుజు మీదికి నడిపించుకుపోయారు. చలికి గొర్రెతోలు కప్పారు, గొంతుకు తేనె ఇచ్చారు. పెళ్ళికూతురికి కూడా అంత మర్యాద జరగదు.

ఆ బురుజుకు ఎదురుగా దిగిన దండుకు నాయకుడు విందాద్ అనే ఆయన. గోరింటాకుతో ఎర్రగా పండించిన గడ్డం, వెండి పట్టీల గుర్రం. ఆయనా, ఆయన మనుషులూ మా సరిహద్దు పల్లెల పక్కన పెరిగినవాళ్ళు కాబట్టి మా భాష మాలాగే వచ్చు. అదే ఆయన ఖర్మ.

"ఒరేయ్ ఎర్రగడ్డం!" అని అందుకుంది షమూని. "మీ దేశంలో నీళ్ళు లేవట్రా? నీ కంపు ఇక్కడిదాకా కొడుతోంది! మావి రాతిగోడలు కాబట్టి నిలబడ్డాయి, ఇటుక గోడలైతే నువ్వు రాయి విసరకుండానే పడిపోయేవి కదరా! ఆ గుర్రాన్ని చూడు, మొహం అటు తిప్పుకుంది. నిన్ను మొయ్యడం తప్పదు, వాసన చూడ్డం ఎందుకని!"

గోడ మీద మావాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. కింద పారసీక సైనికులు డాళ్ళ చాటున నవ్వుకున్నారు. నూనె కుండలు మోసుకొచ్చిన బర్షబ్బా ఆవిడ వెనకే నిలబడి విన్నాడు. కాస్త ఈర్ష్య కలిగింది. తనను ఇన్నేళ్ళుగా తిడుతోంది కానీ ఇంత శ్రద్ధ ఎప్పుడూ పెట్టలేదు.

చలి ముదిరింది. దండు గుడారాల్లోకి బురద వచ్చింది, గుర్రాలు దగ్గడం మొదలుపెట్టాయి. చివరికి విందాద్ మనిషిని పంపాడు. "ఉత్త చేతుల్తో ఇంటికి పోతే మాకు తలవంపులు. మా దొరకు మర్యాదగా ఓ అంగీ కప్పండి. ఆ వంకతో లేచిపోతాం" అన్నాడు ఆ మనిషి. అప్పటికే కొన్ని గుడారాలు దించుతున్నారు కూడా. బుద్ధి ఉన్న ఊరైతే అంగీతో పాటు చెప్పులూ ఇచ్చి పంపేది. మా పెద్దలకు అప్పటికి తిట్ల మత్తు తలకెక్కింది. జవాబు చెప్పమని షమూనిని ముందుకు తోశారు.

"అంగీయేనా? ఇస్తాం నాయనా!" అంది ఆవిడ. "కానీ శుభ్రమైన బట్ట నీ ఒంటి మీద వేస్తే ఆ బట్ట ఉసురు మాకు తగుల్తుంది! ముందు మా స్నానశాలకి రా, నా చేతుల్తో నేనే నీ వీపు రుద్దుతా. ఆ మురికి అడ్డం పడి దెక్లత్ నది దారి మళ్ళకపోతే నా పేరు షమూని కాదు!"

ఊరు ఊరంతా గోడ మీద గంతులేసింది. విందాద్ ముట్టడి మొత్తంలో మొదటిసారి నోరు తెరిచాడు. "ముసలమ్మా! ఆ స్నానానికి వస్తున్నా. నీళ్ళు కాచి ఉంచు!"

దించిన గుడారాలు మళ్ళీ లేచాయి. గోడ మీద నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు.

ఒక మంచు కమ్మిన తెల్లవారుజామున, ముందురోజు పండగ ద్రాక్షసారా తాగిన కాపలావాళ్ళు ఒక బురుజు మీద గుర్రుపెట్టి నిద్రపోతుంటే గోడకు నిచ్చెనలు పడ్డాయి. ఆ తర్వాత మా వీధుల్లో జరిగింది నేను చెప్పను. వినడానికి నవ్వుతూ కూర్చున్నవాళ్ళకు అది చెప్పకూడదు.

గుమ్మాలు విరుగుతున్న చప్పుడు దగ్గరవుతుంటే బర్షబ్బాకు తోచింది ఒక్కటే చోటు. స్నానశాల వేడిగది నేల రాతి పలకలది. దాని కింద మోకాలెత్తు దిమ్మెలు ఉంటాయి. ఆ ఖాళీలోకి పక్కనున్న పొయ్యి వేడి పారి నేల కాగుతుంది. కాల్చడానికి ఏమీ మిగలక పొయ్యి చల్లారి చాలా కాలమైంది. తర్బోను పొయ్యి నోట్లోంచి ఆ ఖాళీలోకి పాకించాడు. ఆ వెనక అత్తను.

"నా పొయ్యిలోకి నన్నే తోస్తున్నావట్రా?" అంది షమూని.

"దణ్ణం పెడతా అత్తా, ఈ ఒక్కసారికి నోరు మూసుకో. ఆ ఎర్రగడ్డం మొదట వెతికేది నీ గొంతునే."

ఆవిడ నోరు మూసుకుంది. బర్షబ్బా ఇనపతలుపు వేసి, బూడిద చల్లి, చేతులు తుడుచుకునేలోపే విందాద్ లోపలికి వచ్చాడు. అన్న మాట ప్రకారం నేరుగా స్నానానికే వచ్చాడు. వెనక నలుగురు సైనికులు, మూతికి తెల్లగుడ్డ కట్టుకున్న ఒక అగ్నిపూజారి.

"స్నానశాల నీదేనా?"

"నాదే దొరా."

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఎవరూ లేరు దొరా. ఒంటి మనిషిని."

"గోడ మీద ముసలమ్మ ఉండేది. ఎటు పోయింది?"

"పైకి పోయింది దొరా."

"గోడ పైకా?"

"ఇంకా పైకి దొరా."

విందాద్ మొహం నిజంగానే వాడిపోయింది. "అయ్యో. వీపు రుద్దుతానంది" అని బల్ల మీద కూలబడ్డాడు. "ఇటుక గోడలైతే నా కంపుకే పడిపోయేవి అంది. విన్నావా నువ్వు? నా జన్మలో నన్నెవరూ అంత చక్కగా తిట్టలేదు. మా ఆవిడ కూడా."

నేలకింద ఠక్కున చిన్న చప్పుడైంది. పొగిడితే ఆవిడ తలెత్తి ఉంటుంది, పైన రాయి తగిలి ఉంటుంది. బర్షబ్బా పెద్దగా దగ్గాడు.

"సరే, నీళ్ళు కాచు. కట్టెలు మావాళ్ళు తెస్తారు. మీ గోడలకు వేసిన నిచ్చెనలే బోలెడున్నాయి" అన్నాడు విందాద్.

ఆ పొయ్యి అంటిస్తే నేలకింద ఉన్న ఇద్దరూ ఒక్క గడియ బతకరు. అప్పుడు పూజారి ముందుకు వచ్చి, "ఈ పొయ్యిలో ఇంతకుముందు ఏం కాల్చావు?" అని అడిగాడు.

అబద్ధం ఆలోచించే తీరిక లేక బర్షబ్బా నిజమే చెప్పేశాడు. "కట్టెలు అయ్యగారూ. అవి అయిపోయాక పేడ. పేడ కూడా అయిపోయాక ఎముకలు. ముట్టడిలో తిన్న గాడిదలవి."

పూజారి నిప్పు తొక్కినవాడిలా వెనక్కి గెంతాడు. నిప్పు వాళ్ళకు దేవుడని బర్షబ్బా ఎప్పుడో విన్నాడు కానీ, ఆ దేవుడికి చచ్చినదాన్ని తినిపించడం మనిషిని చంపడంకంటే పెద్ద పాపమని అతనికి తెలియదు. "శుద్ధి చెయ్యాలి! మంత్రాలు పూర్తయ్యేదాకా ఈ పొయ్యిని ఎవరూ తాకకూడదు!" అని పూజారి అరిచాడు. తాకకుండా పొయ్యి తలుపు దగ్గర ఒక ముసలి సైనికుణ్ణి ఈటె ఇచ్చి నిలబెట్టారు.

ఆ రకంగా ఊళ్ళో ఇల్లిల్లూ దోచుకుంటున్నవాళ్ళే మా వీధిలో ఇద్దరు ఆడవాళ్ళకు పగలూ రాత్రీ కాపలా కాశారు. బర్షబ్బా తెలివికి ఇందులో భాగం లేదు. అయినా రెండు రోజులు తన తెలివేననుకుని మురిసిపోయాడు.

నేల కడిగే నెపంతో వేడిగదిలో ఒక మూల పలక వదులు చేసి, సందులోంచి రొట్టె, నీళ్ళు దించేవాడు. షమూని గుసగుసలాడటం నేర్చుకుంది. ఆవిడ గుసగుస మామూలు మనుషుల మాటంత ఉండేది.

"ఇది రొట్టా, పలక ముక్కా?"

"మెల్లగా అత్తా!"

"మెల్లగానే అంటున్నా కదయ్యా!"

బయటినుంచి కాపలావాడు తొంగిచూశాడు. "ఎవరది?"

"గొట్టాల్లో గాలి, మావా."

కాపలావాడు కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. "మీ గాలికి అచ్చం మా అత్త గొంతుందే."

"మాకూ అలాగే అనిపిస్తుంది మావా" అన్నాడు బర్షబ్బా.

ఒకరోజు నేల కడుగుతుంటే సందులోంచి ఆవిడే అడిగింది. "ఊరెలా ఉంది?" అతను చెప్పాడు. కాలినవి చెప్పాడు, పోయినవాళ్ళలో ఆవిడకు తెలిసినవాళ్ళ పేర్లు చెప్పాడు.

"వాళ్ళు పోతామన్నారు" అందావిడ. "అంగీ ఒకటిస్తే పోతామన్నారు. నేను ఆ మాట అనకుండా ఉంటే?"

అత్త మీద ఒక్క మాట పైచేయి కావాలని బర్షబ్బా ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. అది ఇప్పుడు చేతికొచ్చింది. అతనికి దాన్ని వాడబుద్ధి కాలేదు.

"పెద్దలే కదా అత్తా నీచేత అనిపించింది."

"అన్న నోరు నాదేగా" అంది షమూని.

పూజారి మంత్రాలు పూర్తయ్యాయి. ఆరోజు విరిగిన నిచ్చెనల ముక్కలు తెచ్చి పొయ్యి ముందు పేర్చారు. విందాద్ నడుముకు తువ్వాలు చుట్టుకుని, ఎర్రగడ్డం వణుకుతుండగా వేడిగదిలో బల్ల మీద కూర్చున్నాడు. పూజారి వెండి పళ్ళెంలో నిప్పులు పట్టుకుని వచ్చి, బర్షబ్బాను పొయ్యి తలుపు తియ్యమన్నాడు. బర్షబ్బా గడియ మీద చెయ్యి వేశాడు. తియ్యలేక, కాళ్ళ మీద పడి చెప్పేద్దామని మోకాళ్ళు వంచాడు.

"ఆగవయ్యా తెల్లగుడ్డ!"

గొంతు పొయ్యిలోంచి వచ్చింది. లోపలినుంచి తోసిన తోపుకు గడియ ఎగిరిపడింది. తలుపు తోసుకుని, నిలువెల్లా మసితో, రెండు కళ్ళు మాత్రం తెల్లగా షమూని పాకుతూ బయటికి వచ్చింది. నిలబడి, మడమతో వెనక తలుపు మూసేసింది.

"ఇన్నాళ్ళూ నేనిందులోనే కాపురమున్నా" అంది పూజారితో. "తిన్నదిక్కడే, పడుకుందిక్కడే. మిగతావి కూడా ఇక్కడే, ఇంకెక్కడికి పోను? ఇప్పుడు నీ దేవుణ్ణి ఇందులో కూర్చోబెడతానంటే నీ ఇష్టం నాయనా!"

"ఈ పొయ్యికి ఇక శుద్ధి లేదు. ఈ లోకంలో లేదు!" అని పూజారి నిప్పుల పళ్ళెం గుండెకు దగ్గరగా పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి వీధిలో పడ్డాడు. బర్షబ్బా బుర్ర అప్పుడు పనిచేసింది. కింద పడుకుని ఆవిడ అన్నీ వింటోంది. అతనికి అర్థం కానిదంతా ఆవిడకు అర్థమైంది. మూసిన తలుపు వెనక తర్బో ఉంది, ఆ తలుపు ఇక ఏ పారసీకుడూ ముట్టడు.

"ఆ గొంతు!" అంటూ విందాద్ లేచాడు. సైనికుల కత్తులు బయటికొచ్చాయి. షమూని కత్తుల వైపు చూడలేదు, దొర తువ్వాలు వైపు చూసింది.

"వచ్చావా? అన్న మాట తప్పను, కూర్చో. నీళ్ళు చల్లగా ఉన్నాయని నన్ననకు, మీ పూజారినడుగు."

విందాద్ ఎందుకు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. ఆవిడ తొట్టిలోంచి మంచులాంటి నీళ్ళు రెండు చెంబులు నెత్తిన గుమ్మరించి, మేకవెంట్రుకల గుడ్డతో మాడిన గిన్నె తోమినట్టు తోమడం మొదలుపెట్టింది. "ఇది వీపా, మా బురుజా? రాళ్ళు రాలుతున్నాయి! కదలకు! ఇంత మనిషివి, చన్నీళ్ళకి ఏడుస్తావా? గడ్డం ఇటు పెట్టు. ఇందులో పిచ్చుక గుడ్లేమన్నా ఉంటే ముందే చెప్పు." సైనికులు పైకప్పు వైపు చూస్తూ పెదాలు కొరుక్కున్నారు. దొర పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆవిడ చెయ్యి రెండు భుజాల నడుమకు చేరేసరికి, దండయాత్ర మొదలైనప్పటినుంచీ ఎవరి చెయ్యీ అందని ఆ చోట, "అక్కడే. ఆ, అక్కడే" అని మూలిగాడు.

ఒళ్ళు తుడుచుకున్నాక ఆయన కోపం వెతుక్కున్నాడు, దొరకలేదు. "ఈవిణ్ణి నేను తీసుకుపోతున్నా" అన్నాడు.

బర్షబ్బా కాళ్ళ మీద పడ్డాడు. "ముసలి ప్రాణం దొరా, చంపకండి!"

"చంపడానికి కాదయ్యా. నా కోట కూడా సరిహద్దులోనే ఉంది. ఏటా మీ రోమా వాళ్ళు వచ్చి చుట్టూ కూర్చుంటారు. రాళ్ళున్నాయి, బాణాలున్నాయి. ఇలాంటి నోరు నా దగ్గర లేదు."

షమూనిని గుమ్మం దాకా తీసుకుపోయారు. కూతురి పేరు ఎత్తడానికి వీల్లేదు. ఆవిడ గుమ్మంలో ఆగి, నేల వైపు చూస్తూ, మిద్దె మీద అరిచే గొంతుతో అరిచింది. "ఏమయ్యా అల్లుడూ! ఆ నేల జాగ్రత్త! ఒక్క పలక బీటలిచ్చిందని తెలిసినా వచ్చి నీ వీపు బద్దలుకొడతా. చలికాలం, కనిపెట్టుకుని చూసుకో. విన్నావా?"

"సరే అత్తా" అన్నాడు బర్షబ్బా. రోజూ అనే మాటే. నేలకింద తర్బో పైబట్ట నోట్లో కుక్కుకుని విన్నది.

తర్వాత పారసీకులు కొంతకాలం ఊళ్ళో ఉన్నారు, పోయారు. తర్బో నేలకింద నుంచి పైకి వచ్చింది. రోమా వాళ్ళు తిరిగి వచ్చారు. ఏ రాజ్యమైనా మనుషులకు చెమట పడుతుంది కాబట్టి స్నానశాల మళ్ళీ తెరుచుకుంది. మిగిలినవాళ్ళలో కొందరు షమూని నోటివల్లే ఊరు మునిగిందన్నారు. ఆవిణ్ణి గోడ ఎక్కించి, తేనె ఇచ్చి, గంతులేసినవాళ్ళే ఎక్కువగా అన్నారు. వాళ్ళ సిగ్గు మాట అటుంచి, తర్బో మాత్రం రోజూ అమ్మ బతికుందో లేదో అని కుమిలిపోయేది. బర్షబ్బా నీళ్ళు కాగాయని తానే మిద్దె ఎక్కి అరిచేవాడు. అతని గొంతు పక్క సందు దాటేది కాదు. పొయ్యిలో కట్టెలు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పేవాళ్ళు లేక రోజూ తికమకపడేవాడు. ఇంట్లో ఆ నిశ్శబ్దం అతనికి సహించలేదు. ఆ మాట పెళ్ళాంతో కూడా చెప్పుకోలేదు.

ఒక ఎండాకాలం తూర్పునుంచి రోమా దండు ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది. ఏదో పారసీక కోటను ముట్టడించి, లాభం లేక వెనక్కి మళ్ళినవాళ్ళు. వేడిగదిలో కూర్చుని ఒకడు ఇంకొకడి వీపు రుద్దుతూ వాపోతున్నాడు.

"రాళ్ళు తట్టుకున్నాం, ఎండ తట్టుకున్నాం. ఆ గోడ మీది ముసలిదాన్ని తట్టుకోలేకపోయాంరా."

నీళ్ళు మోస్తున్న బర్షబ్బా చెంబు జారింది. "ముసలిదా? ఏమనేది?"

"ఏమనలేదని అడుగు! 'మీ కంపుకి మా మట్టిగోడలు కూలితే, కూల్చింది మీరని చెప్పుకుంటారా?' అంది. అదొక్కటేనా! 'మా అమిదా కాలుతుంటే ఎక్కడ చచ్చార్రా మీరంతా? అప్పుడు దారి తెలీలేదా? ఇప్పుడీ మట్టికుప్ప కోసం వచ్చార్రా?' అని అడిగింది. మా సేనాని తలెత్తలేదు. నిజమే కదా మరి."

ఆడవాళ్ళ వైపు నుంచి తర్బో వచ్చి మగవాళ్ళ గుమ్మంలో నిలబడింది. ఎన్నడూ లేనిది ఆడమనిషిని అక్కడ చూసి సైనికులు తువ్వాళ్ళు సర్దుకున్నారు.

"ఇంకా?" అన్నాడు బర్షబ్బా.

"ఇంకా ఏముంది. 'మీలో అమిదా దారిన పోయేవాడెవడన్నా ఉంటే, అక్కడ స్నానశాలలో మా అల్లుడు దద్దమ్మ ఒకడుంటాడు, వాడితో చెప్పండి. నా కూతురికి కడుపునిండా పెడుతున్నాడా లేదా అని అడిగానని చెప్పండి. గొంతు లేనివాడు మిద్దె ఎక్కి పిల్లిలా అరిచి నా పరువు తీయొద్దని చెప్పండి' అంది. ఇంకా చాలా అంది గానీ, పాపం అతనెవరో, మనకెందుకులే..." సైనికుడు ఆగి బర్షబ్బా మొహం చూశాడు. అతని కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి, నోరు మాత్రం చెవులదాకా సాగి ఉంది.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు బర్షబ్బా, అతని పక్కన తడినేల మీద కూలబడి.

"ఏది?"

"నన్ను తిట్టిందంతా. ఒక్క ముక్క వదలొద్దు."

తర్బో కూడా వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. సైనికుడు గొంతు సవరించుకుని మొదటినుంచీ మొదలుపెట్టాడు.